డేటాబేస్ కనెక్షన్ ఎలా సెట్ చేయాలి: ల్యాప్‌టాప్‌లో పనిచేసింది సరే, ఆ తర్వాత?

వెబ్ అప్లికేషన్‌కి డేటాబేస్ తగిలించడం ఐదు నిమిషాల పనిలా కనిపిస్తుంది. హోస్ట్, పోర్ట్, డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్. ఈ ఐదూ కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి రన్ చేస్తే టేబుల్లో ఉన్నవన్నీ స్క్రీన్ మీదికి వచ్చేస్తాయి. పని అయిపోయింది అనుకుంటాం. అసలు గొడవ జనం వాడటం మొదలుపెట్టాక వస్తుంది. అదీ ఎప్పుడూ తీరిగ్గా ఉన్నప్పుడు రాదు, కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నప్పుడో తెల్లవారగానే మొదటి యూజర్ పేజీ తెరిచినప్పుడో వస్తుంది.

నా అనుభవంలో డేటాబేస్ కనెక్షన్ సమస్యల్లో ఎక్కువ భాగం కోడ్ తప్పులు కావు, లెక్క తప్పులు. ఎన్ని కనెక్షన్లు, ఎంతసేపు, ఎవరి పేరు మీద అన్న మూడు ప్రశ్నలకు ముందే జవాబు రాసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇక్కడ చెప్పేవి ఎక్కువగా పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే రెండు డేటాబేస్‌ల గురించి. మీరు వాడే భాష ఏదైనా సూత్రం ఒకటే, సెట్టింగుల పేర్లు మారతాయంతే.

ముందు చేత్తో కనెక్ట్ అవ్వండి

కోడ్ జోలికి వెళ్లకముందే, అప్లికేషన్ ఏ మెషీన్ మీద నడవబోతోందో అందులోకి లాగిన్ అయి, కమాండ్‌లైన్ నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వండి. మీ ల్యాప్‌టాప్ నుంచి కాదు, ఆ మెషీన్ నుంచే. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 5432 పోర్టులో ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ 3306లో ఉంటుంది. ఇది కుదరకపోతే మీ కోడ్ ఎంత బాగా రాసినా కుదరదు. కుదిరితే మాత్రం నెట్‌వర్క్‌నీ పాస్‌వర్డ్‌నీ అనుమానితుల జాబితాలోంచి తీసేయొచ్చు.

ఎర్రర్ వస్తే దాన్ని తిట్టుకోకుండా చదవండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వచ్చిందంటే చాలావరకు మీరు ఆ మెషీన్ దాకా వెళ్లారు, కానీ ఆ పోర్టులో పలికేవాళ్లు లేరు. సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా అది తన మెషీన్ లోపలి పిలుపులకే పలుకుతుండొచ్చు. పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేయగానే లోకల్‌హోస్ట్ నుంచి వచ్చేవాటినే తీసుకుంటుంది. బయటి మెషీన్లు రావాలంటే లిజన్ అడ్రసెస్ సెట్టింగ్ మార్చాలి, ఎవరిని లోపలికి రానివ్వాలో రాసుండే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో ఆ మెషీన్‌కి ఒక లైన్ రాయాలి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే బైండ్ అడ్రస్ చూడండి.

ఏ మాటా లేకుండా కర్సర్ అలా మెరుస్తూ ఉండిపోయి, చివరికి టైమ్ అవుట్ అంటే చాలాసార్లు మధ్యలో ఫైర్‌వాల్ ఉందని అర్థం. "పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" వచ్చిందా, సంతోషించండి. దారి మొత్తం బాగానే ఉంది, తలుపు దగ్గర తాళం ఒక్కటే పడలేదు. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి 1045 నంబర్ వస్తుంది. అందులో యూజర్ పేరు పక్కన ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూపిస్తుంది, దాన్ని వదిలేయకండి. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే యూజర్ పేరు ఒక్కటే కాదు, పేరూ హోస్టూ కలిపి ఒక ఖాతా. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే యూజర్‌కి అనుమతి ఇచ్చి, వేరే సర్వర్ నుంచి వస్తే రానివ్వడం లేదేంటని గంటలు తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

లోకల్‌హోస్ట్ అనే మాట దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే డబ్బా లాంటిది) లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ మెషీన్ కాదు. డేటాబేస్ ఇంకో కంటైనర్లో ఉంటే, కంటైనర్లన్నిటినీ రాసే కంపోజ్ ఫైల్లో దానికి పెట్టిన సర్వీస్ పేరే హోస్ట్ అవుతుంది. పోర్టు కూడా లోపలిదే వాడాలి. బయటికి 5433గా చూపించి లోపల 5432 ఉంటే, పక్క కంటైనర్‌కి కావాల్సింది 5432. ఇక మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కి లినక్స్ మీద లోకల్‌హోస్ట్ అని ఇస్తే నెట్‌వర్క్ ద్వారా వెళ్లదు, సాకెట్ ఫైల్ ద్వారా వెళ్తుంది. నెట్‌వర్క్ ద్వారానే వెళ్లాలంటే 127.0.0.1 అని రాయండి.

అప్లికేషన్‌కి సొంత యూజర్ ఇవ్వండి

రూట్‌తోనో, పోస్ట్‌గ్రెస్ అనే సూపర్ యూజర్‌తోనో అప్లికేషన్ నడపకండి. కనీసం ఇద్దరు యూజర్లు కావాలి. ఒకరు రోజువారీ పనికి: చదవడం, రాయడం, మార్చడం, తీసేయడం, అంతవరకే. ఇంకొకరు మైగ్రేషన్లకి: టేబుళ్లు కట్టడం, కూల్చడం. రోజువారీ యూజర్‌కి టేబుల్ డ్రాప్ చేసే హక్కు లేకపోతే, కోడ్‌లో ఎక్కడో ఇంజెక్షన్ లొసుగు (బయటివాళ్లు తమ కమాండ్‌ని డేటాబేస్‌లోకి దూర్చే సందు) మిగిలినా టేబుళ్లకి టేబుళ్లు ఎగిరిపోవు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి మామూలు యూజర్లకి పబ్లిక్ స్కీమాలో టేబుళ్లు కట్టే హక్కు డిఫాల్ట్‌గా లేదు. పాత ట్యుటోరియల్ పట్టుకుని చేస్తూ "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" చూస్తే కారణం చాలావరకు అదే.

యూజర్లని విడదీయడం వల్ల ఇంకో లాభం టైమ్ అవుట్ల దగ్గర చెబుతాను.

పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి

కోడ్‌లో మాత్రం పెట్టకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి, లేదా మీ క్లౌడ్ ఇచ్చే సీక్రెట్స్ సర్వీస్‌లో పెట్టండి. లోకల్‌గా పనిచేసేటప్పుడు డాట్ ఎన్వ్ ఫైల్ సౌకర్యమే, కానీ మొదటి కమిట్‌కి ముందే దాన్ని గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి. పొరపాటున ఒక్కసారి గిట్‌లోకి వెళ్లిపోతే తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉండనే ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ఫైల్ తీసేయడం కాదు, పాస్‌వర్డ్ మార్చేయడం.

చాలా ఫ్రేమ్‌వర్కులు ఐదు విలువల్నీ కలిపి ఒకే యూఆర్‌ఎల్‌గా తీసుకుంటాయి. దాని రూపం ఇలా ఉంటుంది:

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్://యూజర్:పాస్‌వర్డ్@హోస్ట్:5432/డేటాబేస్

ఇందులో : @ / అనే గుర్తులకి వాటి పనులు వాటికున్నాయి. అవే మీ పాస్‌వర్డ్‌లో ఉంటే యూఆర్‌ఎల్ అయోమయంలో పడుతుంది. పాస్‌వర్డ్‌లో / ఉంటే హోస్ట్ పేరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది. # ఉంటే దాని తర్వాతిదంతా వదిలేస్తుంది. అందుకని వాటిని కోడ్ చేసి రాయాలి: @ బదులు %40, # బదులు %23, / బదులు %2ఎఫ్, : బదులు %3ఏ. ఆ ఎఫ్, ఏ రెండూ ఇంగ్లిష్ అక్షరాలే అనుకోండి. % గుర్తే ఉంటే %25. ఈ ఎర్రర్ తమాషాగా ఉంటుంది. పాస్‌వర్డ్ తప్పు అనదు, "ఆ పేరుతో హోస్ట్ దొరకలేదు" అంటుంది. దొరకని హోస్ట్ పేరుని జాగ్రత్తగా చూస్తే అందులో మీ పాస్‌వర్డ్ తోక కనిపిస్తుంది.

నేనైతే ఈ తలనొప్పే లేకుండా హెక్స్ అక్షరాలతో పొడవాటి పాస్‌వర్డ్ తయారుచేస్తాను. ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి 32 బైట్ల ర్యాండమ్ హెక్స్ ఇమ్మంటే 64 అక్షరాలు ఇస్తుంది. అన్నీ అంకెలూ, ఆరు ఇంగ్లిష్ అక్షరాలూ మాత్రమే. ఎక్కడ పెట్టినా ఏ గుర్తూ అడ్డురాదు. దాన్ని మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు కాబట్టి అందంగా ఉండక్కర్లేదు.

కోట్స్ సంగతి కూడా చూసుకోండి. డాకర్ రన్ కమాండ్‌కి ఎన్వ్ ఫైల్ ఇచ్చినప్పుడు విలువ చుట్టూ పెట్టిన కోట్స్ కూడా పాస్‌వర్డ్‌లో భాగమైపోతాయి. అదే ఫైల్ వేరే టూల్ చదివితే కోట్స్ తీసేసి చదువుతుంది. లోకల్‌లో పనిచేసి సర్వర్ మీద పాస్‌వర్డ్ తప్పు అంటుంటే ఇది ఒకసారి చూడండి.

అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే ఈ విలువలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. హోస్ట్ ఇవ్వకపోతే లోకల్‌హోస్ట్ అనుకో అనే దయగల కోడ్ రాయకండి. ఒకరోజు ప్రొడక్షన్ సర్వర్ దేనికో కనెక్ట్ అయి, ఏ ఎర్రరూ లేకుండా ఖాళీ టేబుళ్లు చూపిస్తుంది.

ఎన్‌క్రిప్షన్, అక్షరాలు

డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే టీఎల్ఎస్, అంటే దారిలో డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు, పెట్టండి. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీలో ఎస్ఎస్ఎల్ మోడ్ డిఫాల్ట్‌గా ప్రిఫర్ అని ఉంటుంది. అంటే కుదిరితే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కుదరకపోతే లేకుండానే వెళ్తుంది. రిక్వైర్ పెడితే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అవుతుంది కానీ అవతల ఉన్నది మీ సర్వరేనా అన్నది మాత్రం సరిగ్గా చూడదు. సర్టిఫికెట్‌నీ హోస్ట్ పేరునీ రెండింటినీ సరిచూసేది వెరిఫై ఫుల్. ఇంటర్నెట్ మీదుగా వెళ్తుంటే అదే వాడండి.

తెలుగులో డేటా దాచేవాళ్లకి క్యారెక్టర్ సెట్ ముఖ్యం. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటాయి, ఎమోజీలు 4 తీసుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అనే పేరుతో చాలాకాలంగా ఉన్నది 3 బైట్ల వరకే పడుతుంది. అందుకే తెలుగు బాగానే సేవ్ అవుతూ ఉంటుంది, ఎవరో ఒక నవ్వు ముఖం జోడించగానే ఎర్రర్ వస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4 వాడండి. 8.0 నుంచి డిఫాల్ట్ అదే, 5.7లో డిఫాల్ట్ లాటిన్1. టేబుల్‌కి పెట్టి ఊరుకుంటే సరిపోదు, కనెక్షన్ సెట్టింగ్‌లో కూడా చెప్పాలి. తెలుగు స్థానంలో అన్నీ ప్రశ్న గుర్తులే సేవ్ అయ్యాయంటే ఆ డేటా పోయినట్టే. అలా కాకుండా నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తుంటే బైట్లు బాగానే ఉన్నాయి, చదివేవాడే లాటిన్ అనుకుని చదువుతున్నాడు. దాన్ని చాలావరకు బాగుచేయొచ్చు.

పూల్: ఇక్కడే అసలు లెక్క

ఒక్కో రిక్వెస్ట్‌కి కొత్త కనెక్షన్ తెరిచి మూసేయొచ్చు కదా అనిపిస్తుంది. తెరవడమంటే టీసీపీ పలకరింపు, టీఎల్ఎస్ పలకరింపు, పాస్‌వర్డ్ తనిఖీ. పైగా పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కీ ఒక కొత్త ప్రాసెస్ పుట్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్ ఒక థ్రెడ్ ఇస్తుంది. క్వెరీకి రెండు మిల్లీసెకన్లు పట్టేచోట కనెక్షన్‌కి అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకే కొన్ని కనెక్షన్లు తెరిచి ఉంచి, కావాల్సినవాళ్లకి ఇచ్చి, పని కాగానే వెనక్కి తీసుకునే ఏర్పాటు చేస్తాం. అదే పూల్.

పూల్ సైజ్ ఎంత పెట్టాలన్నప్పుడు అందరం చేసే మొదటి తప్పు ఎక్కువ పెట్టడం. ఉంటే మంచిదే కదా అని 50 పెడతాం. కానీ డేటాబేస్ వైపు ఒక గీత ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్ యూజర్ కోసం పక్కన ఉంటాయి. మీకు మిగిలేవి 97. మైఎస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ 151. ఇది దాటితే పోస్ట్‌గ్రెస్ ఎంతో మర్యాదగా "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అంటుంది, మైఎస్‌క్యూఎల్ 1040 నంబర్ ఎర్రర్ ఇస్తుంది.

పూల్ సైజ్ అనేది మొత్తం అప్లికేషన్‌కి కాదు, ఒక్కో ప్రాసెస్‌కి. మర్చిపోయేది దీన్నే. కాగితం మీద లెక్క వేద్దాం. మూడు సర్వర్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో నాలుగు వర్కర్లు, అంటే రిక్వెస్టులు అందుకునే నాలుగు ప్రాసెస్‌లు. పైథాన్, అందులో డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ వాడుతున్నారు. దాని డిఫాల్ట్ పూల్ సైజ్ 5, రద్దీ ఎక్కువైతే ఇంకో 10 దాకా ఓవర్‌ఫ్లో. అంటే ఒక వర్కర్ 15 దాకా తెరవగలదు. 3 × 4 × 15 = 180. డేటాబేస్ ఇచ్చేది 97. మామూలు రోజుల్లో ప్రతి వర్కర్ రెండో మూడో వాడుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. రద్దీ పెరిగిన రోజు, సరిగ్గా అందరూ చూస్తున్నప్పుడు కూలిపోతుంది.

నేను ఒకసారి దీన్ని ఇంకో రూపంలో తిన్నాను. లెక్క వేసి, ఒక్కో వర్కర్‌కి 7 చొప్పున 84 దగ్గర ఆపి, భేష్ అనుకున్నాను. వారాల తరబడి ఏ సమస్యా లేదు. ఒకరోజు కొత్త వెర్షన్ ఎక్కిస్తుంటే సైట్ మొత్తం ఎర్రర్లు. కొత్త వెర్షన్ పైకి వచ్చాకే పాతది దిగిపోయేలా డిప్లాయ్ పెట్టాం, ఆ రెండు నిమిషాలూ పాతవీ కొత్తవీ కలిసి నడుస్తాయి. నా 84 కాస్తా 168 అయింది. కంగారులో మ్యాక్స్ కనెక్షన్స్‌ని 500 చేద్దామని చూస్తే, ఆ మార్పుకి డేటాబేస్‌నే రీస్టార్ట్ చేయాలి. మొత్తానికి డిప్లాయ్ వెనక్కి తీసుకుని, ఆ సాయంత్రం కూర్చుని అన్ని నంబర్లూ మళ్లీ రాసుకున్నాను.

తర్వాత ఇలా పెట్టాను. పూల్ 4, ఓవర్‌ఫ్లో 1, వెరసి 5. 12 వర్కర్లకి 60. డిప్లాయ్‌ని ఒక్కో సర్వర్ చొప్పున మార్చాను కాబట్టి ఆ సమయంలో ఒక సర్వర్ అదనం, ఇంకో 20. మొత్తం 80. మిగిలిన 17లో బ్యాక్‌గ్రౌండ్ జాబులు, మైగ్రేషన్, ఏదైనా ముంచుకొస్తే నేను చేత్తో కనెక్ట్ అయ్యే దారి. ఈ చివరిది చాలా ముఖ్యం. ఇల్లు కాలుతున్నప్పుడు లోపలికి వెళ్లే తలుపు మీకే లేకపోతే ఇంకేం చూస్తారు?

ఐదు సరిపోతాయా అని భయం వేస్తే ఇంకో లెక్క ఉంది. సెకనుకి 200 రిక్వెస్టులు వస్తున్నాయి, ఒక్కోటి కనెక్షన్‌ని 20 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది అనుకుందాం. 200 × 0.02 = 4. మొత్తం అప్లికేషన్‌కి సగటున ఏ క్షణంలోనైనా నాలుగు కనెక్షన్లు చాలు. నాలుగు వందలు కాదు. ఎత్తుపల్లాలకి కొంత చేర్చుకున్నా చిన్న సంఖ్యే. డేటాబేస్ మెషీన్‌కి ఎనిమిది కోర్లుంటే ఒకేసారి నిజంగా లెక్కలు చేసేది ఎనిమిది ప్రాసెస్‌లే, మిగతావి వంతు కోసం తోసుకుంటూ ఉంటాయి. జావా పూల్ లైబ్రరీ హికారీ సీపీ వాళ్లు ఇచ్చే సూత్రం కోర్ల సంఖ్యకి రెట్టింపు, దానికి డిస్కుల సంఖ్య కలపమంటుంది. గుడ్డిగా పాటించక్కర్లేదు కానీ, మంచి పూల్ ఎంత చిన్నదో అది చెబుతుంది. క్యూ ఎలాగూ తప్పదు. అది డేటాబేస్ లోపల ఉండటం కంటే అప్లికేషన్ వైపు ఉండటమే నయం.

డిఫాల్టులు భాషని బట్టి మారతాయి, తెలుసుకోవాల్సినవి ఇవి. జావాలో హికారీ సీపీ 10 ఇస్తుంది. నోడ్‌లో పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ కూడా 10 ఇస్తుంది, కానీ కనెక్షన్ దొరక్కపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది, అక్కడ టైమ్ అవుట్ మీరే పెట్టాలి. గో భాషలో అయితే అసలు హద్దే లేదు, ఎన్నైనా తెరుస్తుంది. మ్యాక్స్ ఓపెన్ కనెక్షన్స్ పెట్టకుండా గో ప్రోగ్రామ్‌ని ప్రొడక్షన్‌కి పంపకండి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో దీనికి వ్యతిరేకం: కనెక్షన్ మ్యాక్స్ ఏజ్ డిఫాల్ట్ 0, ప్రతి రిక్వెస్ట్ చివర మూసేస్తుంది. అక్కడ 60 సెకన్లు పెట్టినా తేడా కనిపిస్తుంది. జాంగో 5.1 నుంచి పోస్ట్‌గ్రెస్ కోసం సొంత పూల్ కూడా వచ్చింది.

వర్కర్లు ఫోర్క్ అయ్యే (ఒక ప్రాసెస్ తన నకలుగా వర్కర్లని పుట్టించే) సర్వర్ వాడుతుంటే పూల్‌ని ఫోర్క్ తర్వాతే తెరవండి. ముందే తెరిస్తే ఇద్దరు వర్కర్లు ఒకే సాకెట్ పంచుకుని, ఒకరి క్వెరీకి ఇంకొకరికి జవాబు వెళ్తుంది. వినడానికి నమ్మశక్యంగా ఉండదు, జరుగుతుంది.

వర్కర్ల సంఖ్య మీ చేతిలో లేకపోతే, ముఖ్యంగా రద్దీని బట్టి క్లౌడే వర్కర్లని పుట్టించే సర్వర్‌లెస్‌లో, ఎంత చిన్న పూల్ పెట్టినా గుణకారం ఆగదు. అప్పుడు అప్లికేషన్‌కీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్యలో పీజీ బౌన్సర్ లాంటి విడి పూల్ ప్రోగ్రామ్ పెట్టండి. అది 6432 పోర్టులో ఉంటుంది, వందల మంది క్లయింట్లని తీసుకుని డేటాబేస్ వైపు ఓ ఇరవై కనెక్షన్లతో సరిపెడుతుంది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితేనే దాని అసలు లాభం. కానీ ఆ మోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే క్వెరీల గుంపు) అయ్యాక తర్వాతిది వేరే కనెక్షన్ మీద పడొచ్చు కాబట్టి, సెషన్ మీద ఆధారపడే సెట్టింగులు, సెషన్ లాకులు పనిచేయవు. మామూలు వెబ్ అప్లికేషన్లకి ఇది పెద్ద అడ్డు కాదు.

చచ్చిన కనెక్షన్లు, టైమ్ అవుట్లు

ఇంకో అనుభవం చెబుతాను. ఒక ఆఫీసు లోపలి అప్లికేషన్, వాడేది పగటిపూటే. రోజూ పొద్దున్నే మొదట తెరిచినవాళ్లకి ఎర్రర్ వచ్చేది. రిఫ్రెష్ కొడితే పోయేది. "రిఫ్రెష్ కొడితే వస్తోంది కదా" అని ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. లాగ్ తీసి చూస్తే "మైఎస్‌క్యూఎల్ సర్వర్ హాజ్ గాన్ అవే". మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమ్ అవుట్ డిఫాల్ట్ 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. రాత్రంతా ఎవరూ వాడకపోతే డేటాబేస్ తనవైపు మూసేసింది. పూల్‌కి ఆ సంగతి తెలియదు, పొద్దున్నే ఆ చచ్చిన కనెక్షన్‌నే మొదటి మనిషి చేతిలో పెట్టింది.

మందు రెండు రకాలు, రెండూ వేయండి. ఒకటి, కనెక్షన్‌కి వయసు హద్దు పెట్టడం. డేటాబేస్ గానీ మధ్యలోని పరికరాలు గానీ తెంపేసే సమయం కంటే తక్కువ ఉండాలి. హికారీలో మ్యాక్స్ లైఫ్‌టైమ్ డిఫాల్ట్ 30 నిమిషాలు. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో పూల్ రీసైకిల్ డిఫాల్ట్‌గా ఉండదు, మీరే పెట్టాలి. రెండోది, ఇచ్చేముందు బతికుందో లేదో ఒకసారి తట్టి చూడటం. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో ప్రీ పింగ్, జాంగోలో 4.1 నుంచి కనెక్షన్ హెల్త్ చెక్స్.

డేటాబేస్ మూసేస్తే ఎర్రర్ అయినా వస్తుంది. మధ్యలోని ఫైర్‌వాల్ మాటామంతీ లేకుండా దారి మర్చిపోతే ఇంకా ఘోరం. మీ క్వెరీ వెళ్తుంది, జవాబు రాదు. లినక్స్ డిఫాల్ట్ ప్రకారం దాదాపు పావుగంట మళ్లీ మళ్లీ పంపి చూసి అప్పుడు వదులుతుంది. క్లౌడ్‌లో ఈ ఐడిల్ హద్దులు చిన్నవి: ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వేలో 350 సెకన్లు, అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో డిఫాల్ట్ 4 నిమిషాలు. కనెక్షన్ బతికుందా అని ఖాళీగా ఉన్నప్పుడు తట్టి చూసే లినక్స్ టీసీపీ కీప్ అలైవ్ మొదలయ్యేదేమో 7,200 సెకన్లకి. కాబట్టి కనెక్షన్ సెట్టింగ్‌లో కీప్ అలైవ్‌ని 60 సెకన్లకి తెండి.

టైమ్ అవుట్లు మూడు. కనెక్షన్ తెరవడానికి 3 నుంచి 5 సెకన్లు. పూల్‌లో ఖాళీ కోసం ఎదురుచూడటానికి కూడా అంతే. చాలా లైబ్రరీల్లో ఇది 30 సెకన్లు ఉంటుంది, అంతసేపు ఏ మనిషీ పేజీ కోసం చూడడు. మూడోది క్వెరీకి: పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ టైమ్ అవుట్ డిఫాల్ట్ 0, అంటే హద్దు లేదు. వెబ్ యూజర్‌కి 10 సెకన్లు పెట్టండి. ఇవన్నీ కలిపినా మీ వెబ్ సర్వర్ టైమ్ అవుట్ కంటే తక్కువ ఉండాలి. పైథాన్ వెబ్ సర్వర్ గూనికార్న్‌లో అది డిఫాల్ట్ 30 సెకన్లు. లేకపోతే యూజర్ వెళ్లిపోయాక కూడా డేటాబేస్ ఆ క్వెరీని నమిలుతూనే ఉంటుంది.

యూజర్లని విడదీసిన లాభం ఇక్కడ. పోస్ట్‌గ్రెస్‌లో ఈ టైమ్ అవుట్‌ని రోల్‌కి విడిగా పెట్టొచ్చు. వెబ్ యూజర్‌కి 10 సెకన్లు, మైగ్రేషన్ యూజర్‌కి హద్దు లేదు. లేకపోతే పెద్ద టేబుల్ మీద ఇండెక్స్ కడుతుండగా పదో సెకనులో మీ సెట్టింగే దాన్ని చంపేస్తుంది.

తీసుకున్నది తిరిగి ఇస్తున్నారా

పూల్ నుంచి తీసుకున్న కనెక్షన్‌ని మధ్యలో ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇవ్వాలి, ఇవ్వకపోతే దాన్నే లీక్ అంటాం. పైథాన్‌లో విత్, జావాలో ట్రై విత్ రిసోర్సెస్, గోలో డిఫర్, నోడ్‌లో ఫైనల్లీ. వీటిలో ఏదో ఒకటి లేకుండా చేత్తో మూసే కోడ్ కనిపిస్తే దాన్ని అనుమానించండి.

లీక్ కానిది కూడా లీక్ లాగే కనిపించే సందర్భం ఒకటి ఉంది. ఆర్డర్ సేవ్ చేసే కోడ్ అనుకోండి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టింది, ఆర్డర్ రాసింది, పేమెంట్ గేట్‌వేని పిలిచింది, జవాబు వచ్చాక కమిట్ చేసింది. గేట్‌వే 4 సెకన్లు తీసుకుంటే ఆ 4 సెకన్లూ ఒక కనెక్షన్ ఖాళీగా కూర్చుంది, పైగా లాకులు పట్టుకుని. ఐదు కనెక్షన్ల పూల్‌కి ఇలాంటి ఆర్డర్లు ఒకేసారి ఐదు చాలు, హోమ్ పేజీ కూడా ఆగిపోతుంది. బయటి సర్వీస్‌ని పిలిచేముందు కమిట్ చేసేయండి, జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్ తెరవండి.

ఇది కనిపెట్టడానికి పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ చూడండి. స్టేట్ దగ్గర "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని నిమిషాల తరబడి ఉన్నవే దొంగలు. అదుపు కోసం ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమ్ అవుట్‌ని ఓ 30 సెకన్లు పెట్టండి, డిఫాల్ట్‌గా అదీ లేదు. మైఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ చూడండి. కనెక్షన్ సెట్టింగ్‌లో అప్లికేషన్ నేమ్ రాయడం మర్చిపోకండి: వెబ్, జాబులు, రిపోర్టులు అని వేరువేరు పేర్లు. అర్ధరాత్రి 90 కనెక్షన్ల జాబితా ముందు కూర్చున్నప్పుడు ఏవి ఎవరివో ఆ ఒక్క కాలమే చెబుతుంది.

చివరగా, కావాలని పడగొట్టండి

అన్నీ పెట్టాక టెస్ట్ సర్వర్ మీద అప్లికేషన్ నడుస్తుండగా డేటాబేస్‌ని ఆపండి. పేజీలు ఎర్రర్ చూపించాలి, కానీ మీరు పెట్టిన కొద్ది సెకన్లలోనే చూపించాలి. నిమిషం పాటు తిరుగుతూ ఉంటే ఏదో ఒక టైమ్ అవుట్ పడలేదు. అప్లికేషన్ ప్రాసెస్ చచ్చి మళ్లీ మళ్లీ లేస్తుంటే, మీ లైవ్‌నెస్ చెక్ (ఫెయిలైతే ప్రాసెస్‌ని రీస్టార్ట్ చేసే తనిఖీ) డేటాబేస్‌ని కూడా పిలుస్తోందేమో చూడండి. డేటాబేస్ పడితే అప్లికేషన్‌ని రీస్టార్ట్ చేసి లాభం లేదు, పైగా అన్నీ ఒకేసారి లేచి కనెక్షన్ల కోసం దాడి చేస్తాయి. డేటాబేస్‌ని పిలిచే ఆ భాగాన్ని రెడీనెస్ చెక్‌లోకి మార్చండి, అది ఫెయిలైతే రీస్టార్ట్ చేయదు, రిక్వెస్టులు పంపడం మాత్రమే ఆపుతుంది.

ఇప్పుడు డేటాబేస్‌ని మళ్లీ లేపండి, అప్లికేషన్‌ని మాత్రం ముట్టుకోకండి. పేజీ ఒకసారి తెరవండి. మొదటిసారికే వస్తే మీ ప్రీ పింగ్ పనిచేస్తోంది. ఒకసారి ఎర్రర్ ఇచ్చి రెండోసారికి వస్తే పూల్‌లో చచ్చినవి ఇంకా ఉన్నాయి. ఎన్నిసార్లు కొట్టినా రాకుండా అప్లికేషన్‌ని రీస్టార్ట్ చేస్తేనే వచ్చిందంటే, కోడ్‌లో ఎవరో ఒక కనెక్షన్‌ని గ్లోబల్ వేరియబుల్‌లో దాచుకుని దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. వెతకండి, దొరుకుతుంది.